నాలుగోసారి ఆగిన లిఫ్ట్

"మీ వాచీలో టైమెంతయింది?"

ఆ అమ్మాయి నన్నడిగిన మొదటి మాట అది. అప్పటికి నా భుజం మీద ముప్పై కేజీల బ్రేకు ఉంది. చేతిలో టూల్ బ్యాగు ఉంది. వాచీ చూడాలంటే రెంట్లో ఒకటి నా కాలి మీదే పడాలి.

"పదింపావు అయ్యుంటుంది మేడమ్."

"ఇవాళ తారీఖు?"

చెప్పాను.

"అమ్మయ్య! మీ కంపెనీలో క్యాలెండరు ఉందన్నమాట. లిఫ్ట్ ఆగి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. నేను రాసిన కంప్లైంట్లు పంతొమ్మిది."

"రోజుకొకటి అయితే పద్దెనిమిదే కదండీ?"

"ఒకరోజు కోపం ఎక్కువై రెండు రాశాను."

"బ్రేకు విదేశం నుంచి ఓడలో రావాలి మేడమ్. అందుకే..."

"ఈదుకుంటూ వచ్చినా పన్నెండు రోజుల్లో వచ్చుండేది."

నవ్వు ఆపుకున్నాను. ఆమె నవ్వలేదు. ఆమె ఆ బిల్డింగ్ అసోసియేషన్ సెక్రటరీ. ఇరవై ఆరేళ్ళ సెక్రటరీని నేనెక్కడా చూడలేదు. ఎన్నుకునే రోజు మీటింగ్‌కి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని, లేని మనిషి మీద పదవి నెట్టేశారని తర్వాత తెలిసింది. ఇష్టంతో వచ్చిన పదవి కాకపోయినా ఆ పిల్ల దాన్ని పులి మీద స్వారీలా చేస్తోంది.

"ఎక్కండి మరి. మెషిన్ రూమ్ ఆరో అంతస్తు పైన."

లిఫ్ట్ మెకానిక్ బతుకులో పెద్ద జోకు ఇదే. మేం వెళ్ళిన ప్రతి బిల్డింగ్‌లోనూ లిఫ్ట్ పనిచెయ్యదు.

ఎక్కడం మొదలుపెట్టాను. వానలు వెనక్కి తగ్గి వారం అయింది. మెట్ల పక్క కిటికీల్లోంచి కొత్తగా కడిగినట్టున్న ఎండ లోపలికి పడుతోంది. రోడ్డు పక్క చెట్ల ఆకులు అంచుల్లో పసుపెక్కాయి. అప్పుడప్పుడూ ఒకటి గాల్లో తేలుకుంటూ వచ్చి మెట్ల మీద వాలుతోంది.

మొదటి అంతస్తు మలుపులో ఒక పేము కుర్చీ ఉంది. రెండో అంతస్తులో మెత్త వేసిన స్టూలు. మూడో అంతస్తులో రెండు కుర్చీలు, మధ్యలో చదరంగం బల్ల. ఒక పక్క మెడలో టేపు వేసుకున్న టైలర్, ఇంకో పక్క తెల్లజుట్టు పెద్దాయన.

"బరువు దించి కాసేపు కూర్చో బాబూ. నా గుర్రం చచ్చిపోతోంది, ఓదార్చేవాళ్ళు లేరు," అన్నాడు పెద్దాయన.

"నాన్నా! ఆయన్ని పని చెయ్యనీ," అని వెనక నుంచి సెక్రటరీ కసిరింది. అలా తెలిసింది, ఆయన ఆమె తండ్రి అని. రిటైరైన పోస్ట్‌మాస్టర్.

నాలుగో అంతస్తులో ఒక అత్తగారు కుర్చీలో కూర్చుని ఆయాసపడుతోంది. కోడలు ఆవిడ చేతిలోంచి కూరల సంచి లాక్కుని, "మీరు మోయకండి అంటే వినరేం? మీకేమైనా అయితే మీ అబ్బాయి నన్ను తిడతాడు," అంటోంది. "వాడు తిడితే నాకు చెప్పు, నేను వాణ్ణి తిడతాను," అంటోంది అత్తగారు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు.

ఆరో అంతస్తులో తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక మామ్మగారు ఊలుతో ఏదో అల్లుతోంది. చుట్టూ నలుగురు టీ తాగుతున్నారు. ఆరు అంతస్తులు ఎక్కాక ఎవరైనా కూర్చోక తప్పదు కదా. ఆవిడ ఇల్లు ఆ దారికి ఆఖరి స్టేషను.

"ఏం నాయనా, తిన్నావా?" అంది నన్ను చూడగానే.

ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. లిఫ్ట్ ఎప్పుడవుతుంది అని వెయ్యి మంది అడిగారు. తిన్నావా అని అడిగింది ఆవిడొక్కతే. ఊళ్ళో నాదొక అద్దె గది. ఒక గిన్నె, ఒక గ్లాసు, ఒక కుర్చీ. తిన్నానని తల ఊపాను.

మూడింటికి లిఫ్ట్ కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా కాగితం మీద సంతకం పెడుతూ సెక్రటరీ, "పని ఎలా ఉంది" అన్న గడిలో 'పర్వాలేదు' అని రాసింది.

"బాగుంది అని రాయొచ్చు కదండీ?"

"ముందు నడవనీండి."

సాయంత్రం టూల్స్ సర్దుకుని దిగుతుంటే చూశాను. మెట్ల మీద ఒక్క కుర్చీ కూడా లేదు. అన్నీ ఎవరిళ్ళల్లోకి వాళ్ళు తీసుకుపోయారు. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి.

* * *

మూడో రోజున ఫోన్ మోగింది.

"మెకానిక్ గారూ, మీ లిఫ్ట్ అలిగింది."

వెళ్ళాను. అది పాతకాలం లిఫ్ట్. ప్రతి అంతస్తులోనూ ఇనుప గ్రిల్ తలుపు. తలుపు సరిగ్గా పడితే రెండు ఇత్తడి రేకులు ఒకదానికొకటి తగులుతాయి. ఆరు అంతస్తుల్లో ఏ ఒక్కచోట అవి తగలకపోయినా లిఫ్ట్ కదలదు. అది దాని జాగ్రత్త. ఆ సంగతి ఆ బిల్డింగ్‌లో అందరికీ తెలుసు.

ఆరో అంతస్తు రేకుల మధ్య ఆకుపచ్చ ఊలు ఉండ ఇరుక్కుని ఉంది. గాలికి వచ్చి పడిందనుకున్నాను. తీసేశాను. 'చెత్త తొలగించాను' అని రిపోర్టు రాశాను.

తర్వాత ఐదు రోజులకి మళ్ళీ ఆగింది. ఈసారి మూడో అంతస్తు. రేకుల మధ్య చక్కగా కోసిన రబ్బరు ముక్క. గాలికి రబ్బరు ముక్కలు ఎగరవు. పైగా దానికి ఊదారంగు సిరా మరక.

నాకు ఒళ్ళు మండింది. తిన్నగా రెండో అంతస్తుకి దిగి సెక్రటరీ తలుపు కొట్టాను.

"మేడమ్, మీ బిల్డింగ్‌లో ఎవరో కావాలని లిఫ్ట్ ఆపుతున్నారు."

"ఏంటీ?"

"వాడేవాళ్ళ తప్పు వల్ల ఆగింది అని ఈ ఫారం మీద మీరు సంతకం పెడితే..."

ఆమె మొహం చూసి మిగతా మాట మింగేశాను.

"పద్దెనిమిది రోజులు మెట్లెక్కి మోకాళ్ళు అరగదీసుకున్నవాళ్ళు, మళ్ళీ వాళ్ళే లిఫ్ట్ ఆపుకుంటారా? మీ పని కుదరక మా మీద తోస్తారా? మామ్మగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడ ఆపిందా? మా నాన్న ఆపాడా?"

"నేను ఎవరి పేరూ..."

"ఇరవయ్యో కంప్లైంటు రాసేలోపు వెళ్ళండి!"

తలుపు నా ముక్కుకి అంగుళం దూరంలో పడింది.

ఆఫీసులో మా సూపర్‌వైజర్ ఇంకా చల్లగా చెప్పాడు. ఆయన్ని మేమందరం వెనక 'రూలు గారు' అంటాం.

"ఒకే బిల్డింగు. రిపేరైన నెల లోపల రెండు రిపీట్లు. నాలుగైతే ఏమవుతుందో తెలుసుగా?"

తెలుసు. నాలుగు రిపీట్లయితే మెకానిక్‌ని ఫీల్డు నుంచి తీసేసి డిపోకి పంపిస్తారు. డిపో రైల్లో తొమ్మిది గంటల దూరం. అక్కడ పని బోల్టుల్ని సైజుల వారీగా డబ్బాల్లో వెయ్యడం. మోటారు చప్పుడు విని జబ్బు చెప్పగలిగే నాకు అది జైలు.

"ఎవరో కావాలని చేస్తున్నారు సార్."

"కస్టమర్ సంతకం ఉందా?"

"లేదు."

"అయితే అది నీ తప్పే. రూలు."

* * *

మూడో రిపీటు ఇంకో వారానికి వచ్చింది. నాలుగో అంతస్తు. ఈసారి విరిగిన దువ్వెన ముక్క.

రబ్బరు, దువ్వెన. చేసే మనిషి ఒక్కడే అయితే ఒకే వస్తువు వాడతాడు కదా? ఏమీ అంతుబట్టలేదు. నెల పూర్తి కావడానికి ఇంకా పదిహేను రోజులు ఉంది. దొంగని నేనే పట్టుకోవాలి.

అసలు కారణం చెప్పకుండా, "లిఫ్ట్‌ని నాలుగు రోజులు దగ్గరుండి చూడాలి," అని సెక్రటరీకి చెప్పాను. డ్యూటీ అయ్యాక రోజూ సాయంత్రం వచ్చి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాశాను.

దొంగ దొరకలేదు. దొరికింది వేరే.

మొదటిరోజు పోస్ట్‌మాస్టర్ గారు బల్ల తెచ్చి నా ముందు వేశాడు. "ఊరికే కూర్చోవడం ఎందుకు బాబూ, ఓడిపోతూ కూర్చో." రెండో రోజు నాలుగో అంతస్తు అత్తాకోడళ్ళు టీ ఎవరు ఇవ్వాలో వాదించుకుని రెండు టీలు ఇచ్చారు. మూడోరోజు మామ్మగారు నన్ను పైకి పిలిచి నా మెడ చుట్టూ ఊలు చుట్టి కొలత తీసుకుంది.

"చలి మొదలవుతోంది. మోటారుకి గ్రీజు పెడతావు, గొంతుకి మఫ్లరు పెట్టుకోవేం?"

సెక్రటరీ రోజూ ఆరింటికి పని నుంచి వచ్చేది. చెవి క్లినిక్‌లో వినికిడి పరీక్షలు చేస్తుంది. మొదటిరోజు నన్ను చూసి, "ఇంకా ఇక్కడే ఉన్నారా?" అంది. రెండోరోజు, "ఇవాళ కూడానా?" అంది. మూడోరోజు ఏమీ అనకుండా నా పక్క మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పింది.

"లిఫ్ట్ ఉందిగా, ఎక్కొచ్చుగా మేడమ్?"

"ఎక్కితే రెండో అంతస్తు పన్నెండు సెకన్లలో వచ్చేస్తుంది."

"రాకూడదా?"

పైన మెషిన్ రూమ్‌లో మోటారు గుర్రుమంది.

"ఆ చప్పుడులో రోజూ పనిచేస్తారా? చెవులకి ఏమీ పెట్టుకోకుండా?"

"చెవులు మూసుకుంటే మోటారు ఏం చెప్తోందో ఎలా తెలుస్తుంది?"

"రేపు లంచ్ టైమ్‌లో మా క్లినిక్‌కి రండి. మీ చెవులు ఏం చెప్తున్నాయో నేను చూడాలి. ఇది రిక్వెస్టు కాదు."

వెళ్ళాను. చుట్టూ స్పాంజి అతికించిన చిన్న గదిలో నన్ను కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించింది. తను అద్దానికి అవతల మైకు ముందు కూర్చుంది. చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. కీచుమన్నవి, బొయ్యిమన్నవి, దోమ ఆవులించినట్టున్నవి, అన్నీ నొక్కాను.

చివర్లో మైకులో చాలా సన్నగా వినిపించింది.

"మీ షర్టు బటన్లు ఒకటి తప్పించి పెట్టుకున్నారు."

గబుక్కున కిందికి చూసుకున్నాను. నిజమే.

అద్దం వెనక ఆమె నవ్వడం చూశాను. ఆ గదిలోకి ఏ చప్పుడూ రాదు. కానీ నా గుండె కొట్టుకోవడం హెడ్‌ఫోన్లలోంచి తనకి వినిపిస్తుందేమోనని భయపడ్డాను.

"వినికిడి బాగానే ఉంది," అంది బయటికొచ్చాక, ఒక డబ్బా నా చేతిలో పెడుతూ. నిండా నారింజ రంగు స్పాంజి బిళ్ళలు, చెవుల్లో పెట్టుకునేవి. "ఇలాగే ఉండాలంటే ఇవి వాడండి."

"థాంక్స్ మేడమ్."

"మేడమ్ అనడం మానేస్తే నేను కూడా థాంక్స్ చెప్తాను."

"నాకెందుకండీ?"

ఆమె డబ్బా మూత వైపు చూసింది. "అమ్మ పోయి మూడేళ్ళు. నాన్న గట్టిగా నవ్వడం అప్పటి నుంచీ వినలేదు. లిఫ్ట్ ఆగిన ఆ పద్దెనిమిది రోజులూ రోజూ విన్నాను. మీరు వచ్చి కూర్చుంటున్నారు చూడండి, ఈ మూడు రోజుల్లో మళ్ళీ విన్నాను. వినడమే నా పని కదా, నాకు తెలుస్తుంది."

అప్పుడు నేను చెప్పాల్సిన మాటలు పది ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

"లిఫ్ట్ ఇప్పుడు బాగా నడుస్తోందండీ. ఇవాళ్టి నుంచి సాయంత్రాలు కూడా వేరే బిల్డింగులో పని పెట్టారు. ఇక నేను మీ బిల్డింగ్‌కి రావలసిన అవసరం ఉండదు."

ఆమె మొహంలో లైటు ఆరిపోయింది. "మంచిదేగా," అంది.

డిపో సంగతి చెప్పలేదు. చెబితే జాలి పుట్టించి సంతకం అడుక్కుంటున్నట్టు ఉంటుంది. మెకానిక్‌కి కూడా పొగరు ఉంటుంది.

* * *

శనివారం మధ్యాహ్నం మూడింటికి లిఫ్ట్ ఆగింది. నాలుగో రిపీటు.

పరిగెత్తుకుంటూ వెళ్ళాను. పై నుంచి ఒక్కో అంతస్తూ చూసుకుంటూ దిగాను. ఆరు బాగుంది. ఐదు బాగుంది. నాలుగు, మూడు బాగున్నాయి. రెండో అంతస్తులో టార్చి వేశాను.

రేకుల మధ్య నారింజ రంగు స్పాంజి బిళ్ళ.

నెలంతా వెతికిన దొంగకి సాక్ష్యం దొరికింది. దీన్ని రూలు గారి బల్ల మీద పెడితే చాలు, డిపో తప్పుతుంది. కానీ రేపు పొద్దున్న అసోసియేషన్ అందరి ముందూ సెక్రటరీ తల దించుకుని నిలబడాలి. పంతొమ్మిది కంప్లైంట్లు రాసిన సెక్రటరీ.

బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాను. రిపోర్టులో కారణం దగ్గర 'తెలియలేదు' అని రాశాను.

ఫోన్‌లో రూలు గారు రెండు ముక్కలే అన్నాడు. "రేపు పదింటికి నేనే వస్తున్నాను. సోమవారం రైలుకి బట్టలు సర్దుకో."

* * *

ఆదివారం పదింటికి అందరూ కింద హాల్లో చేరారు. తెరిచిన తలుపులోంచి ఎండ, దాని వెంట నాలుగు పసుపు ఆకులు లోపలికి వచ్చాయి. రూలు గారు ఫైలు తెరిచి నాలుగు కాగితాలు బల్ల మీద వరసగా పరిచాడు. నేను లిఫ్ట్ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. సెక్రటరీ నా వైపు చూడలేదు.

"నెలలో నాలుగుసార్లు ఆగడం మా కంపెనీకే అవమానం," అన్నాడు రూలు గారు. "మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి. ఈ మెకానిక్‌ని రేపటి నుంచి ఫీల్డు నుంచి తీసేసి డిపోకి పంపిస్తున్నాం. ఇక ఈ ఊళ్ళో ఉండడు. సెక్రటరీ గారు ఇక్కడ సంతకం పెడితే..."

"డిపోనా?" అంది సెక్రటరీ. "ఎందుకు?"

"నాలుగు రిపీట్లకి రూలు అంతేనమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. "మీరు చెప్పలేదేం?"

ఆమె నోరు తెరవబోయింది. ఆలోపే వెనక కుర్చీలోంచి మామ్మగారు లేచి నిలబడింది.

"ఆ పిల్లాణ్ణి పంపకు నాయనా. మొదటిసారి లిఫ్ట్ ఆపింది నేను."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి.

"రేకుల మధ్య ఊలు ఉండ పెట్టాను. లిఫ్ట్ బాగైన రోజు నుంచి మా ఇంటికి ఒక్కరూ రాలేదు. పద్దెనిమిది రోజులు రోజుకి ముప్పై టీలు పెట్టాను. తర్వాత మూడు రోజులు ఒక్క టీ, అదీ నాకే. ఒక్కరోజు ఆగితే మళ్ళీ వస్తారనుకున్నాను."

రూలు గారు కళ్ళజోడు తీశాడు. "సరే, అది ఒకటి. మిగతా మూడూ?"

పోస్ట్‌మాస్టర్ గారు గొంతు సవరించుకున్నాడు.

"రెండోది నాది."

"నాన్నా!" అంది సెక్రటరీ.

"పాత రబ్బరు స్టాంపు కోసి పెట్టాను. ముప్పై ఏళ్ళు ఉత్తరాల మీద కొట్టింది, దానికీ పని లేక దిగులుగా ఉంది. ఏం చెయ్యనమ్మా? లిఫ్ట్ నడుస్తుంటే టైలర్ మూడో అంతస్తులో ఆగడు. ఆట సగంలో ఉంది. నేను గెలుస్తున్నాను కూడా."

"గెలవడం లేదు," అన్నాడు టైలర్.

నాలుగో అంతస్తు కోడలు చెయ్యి ఎత్తింది. స్కూలు పిల్లలా ఎత్తింది.

"మూడోది నేను. దువ్వెన. అత్తయ్యా, ఏమీ అనుకోకండి. లిఫ్ట్‌లో మనిద్దరం పైన వెలిగే అంకెలు చూస్తూ నిలబడతాం. ఇంటికొచ్చి చెరో గదిలోకి పోతాం. మెట్ల మీదైతే మీరు నా చెయ్యి పట్టుకుంటారు. మీ పెళ్ళి సంగతులన్నీ నాకు మెట్ల మీదే తెలిశాయి. మామగారు మీకు రాసిన ఉత్తరం దాకా వచ్చాం. అక్కడ లిఫ్ట్ బాగైపోయింది."

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. "నన్ను అడిగితే ఇంట్లోనే చెప్పేదాన్ని కదే పిచ్చిదానా."

అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నెలంతా నోరు మూసుకున్నాను, ఇక ఆగలేకపోయాను.

"మామ్మగారూ, ఆ రోజు మీకే ఊపిరాడకపోయి ఉంటే మిమ్మల్ని ఆరు అంతస్తులు ఎలా దించేవాళ్ళం? ఎవరికైనా నొప్పులు మొదలైతే? లిఫ్ట్‌తో ఆటలాడకండి. మనుషులు రావాలంటే రమ్మని పిలవచ్చు కదా! ఒక్కసారైనా పిలిచారా?"

మామ్మగారు చిన్నపిల్లలా తల దించుకుంది.

"తోచలేదు నాయనా. పని లేకుండా రమ్మంటే ఎవరు వస్తారులే అనుకున్నాను."

"నేను వస్తాను," అంది కోడలు.

"నేనూ," అన్నాడు టైలర్. "ఈయన్ని ఓడించాక."

రూలు గారు బల్ల మీద పెన్నుతో కొట్టాడు. "మూడు అయ్యాయి. మూడింటికీ కారణం రాసి సంతకాలు పెట్టండి, రిపీట్లు కొట్టేస్తాను. నాలుగోది మాత్రం మెకానిక్కే కారణం తెలియలేదని రాశాడు. ఒక్క రిపీటుకి డిపో లేదు, కానీ ఇతని రికార్డులో మచ్చ ఉంటుంది. అంతేనా?"

"అంతే సార్," అన్నాను చప్పున.

"అంతే కాదు," అంది సెక్రటరీ.

లేచి బల్ల దగ్గరికి వచ్చింది. చెంపలు ఎర్రబడ్డాయి. అయినా వెన్ను నిటారుగానే ఉంది.

"నాలుగోది నేను ఆపాను. ముందు అన్ని ఫ్లాట్లకీ ఫోన్ చేసి, మూడు నుంచి నాలుగు దాకా ఎవరికైనా లిఫ్ట్‌తో పనుందా అని కనుక్కున్నాకే ఆపాను."

"అదా ఆ ఫోన్!" అన్నాడు టైలర్.

"సెక్రటరీ అయ్యుండి..." పోస్ట్‌మాస్టర్ గారు నోరు వెళ్ళబెట్టాడు.

"నువ్వు తండ్రి అయ్యుండి!" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగింది. "మొదటి మూడూ నిజంగా మీ పనితనమే అనుకున్నాను. తిట్టినందుకు సారీ."

"ఫర్వాలేదండీ."

"మీకు తెలుసు కదూ? ఆ స్పాంజి బిళ్ళ చూడగానే తెలిసే ఉంటుంది. మరి తెలియలేదని ఎందుకు రాశారు?"

"ముందు ఇది కానివ్వండి," అన్నాడు రూలు గారు నాలుగో కాగితం ముందుకు తోస్తూ. "కారణం గడి ఖాళీగా ఉండకూడదు. రూలు."

ఆమె పెన్ను తీసుకుంది. రెండు క్షణాలు ఆగింది. తర్వాత కంప్లైంటు రాసినంత వేగంగా రాసి, కింద సంతకం పెట్టి, కాగితం ఆయన వైపు తిప్పింది.

రూలు గారు అలవాటుగా బయటికి చదివాడు. "కారణం: మెకానిక్‌ని మళ్ళీ..." ఆగిపోయాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. "మెకానిక్‌ని మళ్ళీ చూడాలనిపించింది."

ముందు కోడలు నవ్వింది. తర్వాత హాలంతా ఈలలు, చప్పట్లు.

"ఇది మా కోడ్‌లలో దేని కిందికి వస్తుందమ్మా?" అన్నాడు రూలు గారు, పాపం నిజంగానే తికమకపడుతూ. "తలుపు లోపం, కరెంటు లోపం, వాడకం లోపం..."

పోస్ట్‌మాస్టర్ గారు లేచి వచ్చి, కాగితం అందుకుని, ఒకసారి చదివి జాగ్రత్తగా మడతపెట్టాడు.

"ఇది మీ కోడ్‌ల కిందికి రాదు సార్. నా కిందికి వస్తుంది. నేను చూసుకుంటాను." నన్ను ఎగాదిగా చూశాడు. "బాబూ, చదరంగంలో నువ్వు అన్యాయంగా ఓడిపోతావు. నాకు అలాంటి అల్లుడే కావాలి."

"నాన్నా! నన్ను ముందు ఆయన్ని అడగనీ!"

"ఏం అడగాలే, అబ్బాయి మొహం చూడు," అంది మామ్మగారు. "పదండి అందరూ, పైకి రండి. టీ పెడతాను." ఒక్క క్షణం ఆగి, ఎవరో అడ్డుకుంటారేమో అన్నట్టు మెల్లగా అంది, "పిలుస్తున్నాను."

"మీరు లిఫ్ట్‌లో పదండి," అన్నారు నలుగురూ ఒకేసారి. ఆవిణ్ణి, అత్తగారిని లోపలికి ఎక్కించి గ్రిల్ తలుపు వేశాను. రేకులు తగిలాయి. మోటారు నా చెవికి ఇంపుగా మోగుతూ పైకి లేచింది. రూలు గారు కూడా ఎక్కబోయి, టైలర్ ఆట సంగతి చెప్పడంతో ఆగిపోయాడు. ఆయనకి చదరంగం వచ్చట. ఆ రోజు దాకా మాకెవ్వరికీ తెలియదు.

జనమంతా మెట్ల వైపు కదిలారు. మేమిద్దరం వెనక మిగిలాం.

"నా కారణం నేను రాశాను. అదీ అందరి ముందు," అంది. "మీది చెప్పండి."

"ఆరేళ్ళలో ఒక్క అబద్ధం రిపోర్టు కూడా రాయలేదండీ. నిన్న మొదటిసారి రాశాను. మీరు తల దించుకుంటే చూడలేను. డిపో కంటే అదే కష్టం అనిపించింది."

"అండీ అనకుండా చెప్పు."

ఊపిరి పీల్చుకున్నాను.

"నువ్వంటే ఇష్టం. లిఫ్ట్ ఆగినా ఆగకపోయినా రోజూ వస్తాను. ఇది రిక్వెస్టు కాదు."

ఆమె నవ్వింది. ఈసారి మధ్యలో అద్దం లేదు. నా చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు ఎక్కింది.

మొదటి అంతస్తులో ఒకావిడ ఆపి, ముహూర్తం ఎప్పుడని అడిగింది. రెండో అంతస్తులో ఇంకొకాయన నా జీతం, ఎత్తు, బ్లడ్ గ్రూపు కనుక్కున్నాడు. మూడో అంతస్తులో రూలు గారు పోస్ట్‌మాస్టర్ గారితో, ఏనుగు అడ్డంగా దూకడం రూలు కాదని వాదిస్తున్నాడు. నాలుగో అంతస్తులో కోడలు ఇద్దరినీ కూర్చోబెట్టి అత్తగారి పెళ్ళి కథ మామగారి ఉత్తరం దాకా చెప్పింది. మామ్మగారి గుమ్మం చేరేసరికి మాకు గంటా పది నిమిషాలు పట్టింది.